సేకరణ బండి తిరుగుతున్నా నోడ్ల బ్యాటరీలు అయిదో రోజుకే అయిపోతున్నాయి

ప్రశ్న (నిద్రలేనినోడు):
పరిశోధన కోసం ఆరుబయట 40 టెలోస్‌బి నోడ్లు (రీడింగులు తీసి రేడియోలో పంపే చిన్న సెన్సర్ పరికరాలు) పెట్టాను. ఒక్కోదానికి రెండు డబుల్ ఏ బ్యాటరీలు. మొదట డేటా ఒక నోడు నుంచి మరో నోడుకు చేతులు మారుతూ సింక్‌కు, అంటే డేటా అంతా పోగయ్యే కేంద్రానికి, చేరేది. సింక్ పక్కనున్నవి అందరి బరువూ మోసి ముందుగా పోయేవి. అందుకని చిన్న చక్రాల బండికి రిసీవర్ కట్టి, రోజుకోసారి సెకనుకు ఒక మీటరు వేగంతో తిప్పుతున్నాను. బండి దగ్గరికొచ్చినప్పుడు నోడు తన డేటాను నేరుగా దానికే ఇస్తుంది. సిమ్యులేషన్లో ఏడాది దాటి నడిచింది. బయట పెడితే అయిదో రోజున అన్నీ వరసగా పోయాయి. ఇదివరకు కొన్నే పోయేవి, ఇప్పుడు సమానత్వం వచ్చింది!

పాతరేడియో:
పంపే పని లేనప్పుడు నోడు రేడియో నిద్రపోతోందా?

నిద్రలేనినోడు:
లేదండి. మొదట సెకనుకు 10 మిల్లీసెకన్లు మాత్రమే వినేలా పెట్టాను. బండి 100 మిల్లీసెకన్లకు ఒక బీకన్ (‘నేనొచ్చాను’ అని చెప్పే చిన్న సంకేతం) పంపుతుంది. అది విని 40 నోడ్లలో నాలుగో అయిదో పలికేవి. ఈ రోజు పలికినవి రేపు పలకవు. విసుగొచ్చి రేడియోను ఎప్పుడూ తెరిచే ఉంచాను.

పాతరేడియో:
దొంగ దొరికాడు. టెలోస్‌బిలోని సీసీ2420 చిప్ వింటున్నంతసేపూ సుమారు 18.8 మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఏమీ వినపడకపోయినా అంతే. బ్యాటరీ 2000 మిల్లీఆంపియర్ గంటలనుకుంటే 106 గంటలు, అంటే నాలుగున్నర రోజులు. మీ అయిదో రోజు అదే. మీ సిమ్యులేటర్ బహుశా లీచ్ అనే పాత సెన్సర్ నెట్‌వర్క్ ప్రోటోకాల్ నాటి లెక్క వాడుతోంది: బిట్టుకు 50 నానోజౌళ్లు, పైన దూరాన్ని బట్టి మరికొంత. అందులో పంపిన బిట్లకూ అందుకున్న బిట్లకూ ఖర్చుంది, ఎదురుచూపుకు లేదు. 2003లో ఇలా బండితో డేటా సేకరించే పద్ధతిని ప్రతిపాదించినవారు సేకరించే వాహనాన్ని ‘మ్యూల్’ అన్నారు, అంటే కంచరగాడిద. అది వచ్చేదాకా వాకిట్లో దీపం పెట్టుకుని కూర్చుంటే, ఆదా చేసిన నూనె అక్కడే కాలిపోతుంది.

ఇక అసలు తప్పు. నోడు 1000 మిల్లీసెకన్లకు ఒకసారి లేస్తుంది, బీకన్ 100కు ఒకసారి వస్తుంది. ఒకటి మరొకదానికి సరిగ్గా పదింతలు! అంటే నోడు లేచిన ప్రతిసారీ రెండు బీకన్ల మధ్య అదే చోట పడుతుంది, మొదటిసారి తప్పిపోతే ఆ రోజంతా తప్పిపోయినట్టే. గడియారాల తేడా ఏమైనా కలుపుతుందేమో అనుకోకండి, బండి దాటిపోయే అరనిమిషంలో అది ఒకటి రెండు మిల్లీసెకన్లకు మించదు. పది నోడ్లలో ఒకటి పలికిందంటే లెక్క సరిపోయింది. బీకన్‌ను 8 మిల్లీసెకన్లకు ఒకటి పంపండి, నోడు వినే 10 మిల్లీసెకన్లలో ఒకటైనా పడుతుంది. బండి బ్యాటరీని రోజూ చార్జ్ చేస్తారు కదా, ఖర్చు దాని నెత్తిన వేయండి.

మలుపుదారి:
బండి ప్రతి నోడు దగ్గరికీ వెళ్లాలా? అన్నిటినీ చుట్టే అతి తక్కువ దూరపు దారి వెతకడమే పెద్ద తలనొప్పి. రేడియో 30 మీటర్లు అందుతుందనుకుంటే, 25 మీటర్ల పక్కగా పోయినా 33 మీటర్లు, అంటే 33 సెకన్లు పరిధిలో ఉంటుంది. నిమిషానికి 20 బైట్ల రీడింగ్ చొప్పున రోజుకు 28,800 బైట్లు. సెకనుకు 250 కిలోబిట్లు పంపే రేడియోకు అది ఒక సెకను పని, ఆటంకాలన్నీ కలిపినా కొన్ని సెకన్లే. దారి తగ్గించుకోండి. కానీ బండి వచ్చేదాకా ఆ డేటాను నోడు ర్యామ్‌లో పెట్టకండి, అది 10 కిలోబైట్లే, నిండిపోతుంది. నోడులోనే ఉన్న పెద్ద నిల్వ, ఫ్లాష్‌లో రాసుకోండి.

నిద్రలేనినోడు:
బీకన్ 8 మిల్లీసెకన్లకు మార్చాను, నోడ్లు మళ్లీ ఒక శాతమే వింటున్నాయి. ఈ రోజు 40లో 37 పలికాయి. మిగిలిన మూడూ నేలకు ఆనించి పెట్టినవి, పైగా గడ్డిలో. రేపు వాటిని కర్రలకు కట్టి పైకెత్తి చూస్తాను. ఫ్లాష్ సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలు, మధ్యాహ్నం తర్వాతి రీడింగులు ఎందుకు మాయమవుతున్నాయో ఇప్పుడే అర్థమైంది.