బారాటాంగ్ గుహల కోసం జరావాల అడవి గుండా వెళ్లడం సబబేనా?

విశాఖవాసి:
ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో ఆరు రోజులు అండమాన్ వెళ్తున్నాం. హేవ్‌లాక్, నీల్ దీవులు ఖాయం. మూడో రోజుకి ఏజెంటు బారాటాంగ్ దీవిలో సున్నపురాయి గుహలు పెట్టాడు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆపి, కాన్వాయ్‌గా జరావా ఆదివాసుల అడవిలోంచి పంపుతారట. "అదృష్టం ఉంటే వాళ్లు కనబడతారు సార్" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఒప్పట్లేదు. మీరేమంటారు?

రెండుసార్లు వెళ్లొచ్చినవాణ్ని:
వెళ్లండి. గుహ సంగతి అటుంచి, నీలంబూర్ జెట్టీ నుంచి పడవ ప్రయాణమే వేరు. చివర్లో కాలువ సన్నబడి, మడ చెట్ల కొమ్మలు నెత్తిమీద కలిసిపోతాయి. ఇంజను జోరు తగ్గించగానే చుట్టూ ఎంత నిశ్శబ్దమో! ఇక రోడ్డంటారా, బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఇవి పాటిస్తే మనవల్ల ఎవరికీ నష్టం లేదు. బారాటాంగ్‌లో పడవలవాళ్లూ, హోటళ్లవాళ్లూ బతికేది మనమీదే.

జంగ్లీఘాట్ తెలుగోణ్ని:
మా తాతలు శ్రీకాకుళం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆ రోడ్డు విలువ మాకు తెలుసు. ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ ఊళ్ల నుంచి ఆసుపత్రికి రావాలన్నా, చదువుకి రావాలన్నా అదే దారి. అది మూసేయమని నేననను. కానీ రోగిని తెచ్చే బండీ, గుహ చూడబోయే బండీ ఒకటేనా అన్నా?

అడవిలోని ఆ రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, అమలు కాలేదు. 2013 జనవరిలో టూరిస్టులను ఆపింది, మార్చిలోనే సడలించింది. 2011 జనగణనలో జరావాలు 380 మంది. 1999లో, మళ్లీ 2006లో వాళ్లకు తట్టు సోకింది. బయటి జబ్బులను తట్టుకునే శక్తి వాళ్ల ఒంట్లో తక్కువ. నియమం పాటించినా మనం పీల్చి వదిలే గాలి మనతోనే వస్తుంది కదా.

రెండుసార్లు వెళ్లొచ్చినవాణ్ని:
తమ్ముడూ, తట్టు సంగతి నాకు తెలీదు. మరి పడవలవాళ్ల బతుకు?

జంగ్లీఘాట్ తెలుగోణ్ని:
అందుకే సముద్రం మీదుగా రమ్మంటున్నాం. 2017లో బారాటాంగ్‌కు పడవ దారి కూడా తెరిచారు. అలలు ఎక్కువుంటే నడవదు, నిజమే. నడిచే రోజు చూసుకుని రండి. అడవి తొక్కకుండానే పడవలవాళ్లకు డబ్బులొస్తాయి.

అరకు మీదుగా:
సున్నపురాయి గుహే కావాలంటే విశాఖవాళ్లకి బొర్రా లేదా? అండమాన్‌లో చూడాల్సింది సముద్రం. హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సాయంత్రం చీకటి పడేదాకా కూర్చోండి. వెళ్లినవాళ్లలో సగం మంది ఫెర్రీ టైముకి పరుగెత్తి ఆ గంటే పోగొట్టుకుంటారు.

విశాఖవాసి:
ఏజెంటుకి ఫోన్ చేశాను. మూడో రోజు రోడ్డు ప్రయాణం తీసేయమన్నాను. "అందరూ వెళ్తారు, మీకేం సార్" అని కాసేపు వాదించాడు. నాన్నకి మాత్రం తట్టు సంగతి చెప్పగానే ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు నీల్‌లోనే ఉంటాం. సహజ రాతి వంతెన దగ్గర నీళ్లు తగ్గితేనే రాళ్లమీద నడవగలమట. తమ్ముడూ, ఫిబ్రవరి రెండో వారంలో పొద్దున ఆటు ఏ వేళకొస్తుందో జెట్టీలో కనుక్కుని చెప్తావా? అమ్మకి మోకాళ్లు నొప్పి, గుంటల్లో పట్టుకుని నడిపించాలి.