ఆర్‌పీఎంని డెబ్‌గా మార్చి ఆఫీసు సిస్టమ్స్‌లో వేయొచ్చా?

అంబత్తూరు_అడ్మిన్
మాది చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న కంపెనీ. డిస్పాచ్‌లో అన్నీ ఉబుంటు 22.04 (డెబియన్ ఆధారంగా చేసిన లినక్స్) సిస్టమ్సే. కొత్తగా కొన్న లేబుల్ ప్రింటర్‌కి డ్రైవర్ ఆర్‌పీఎం (రెడ్‌హ్యాట్ లినక్స్ ప్యాకేజీ) ఒక్కటే ఇచ్చారు. మా ఉబుంటుకి కావాల్సిన డెబ్ ప్యాకేజీ అడిగితే "రెడ్‌హ్యాట్ వేసుకోండి సార్" అన్నాడు సపోర్ట్ వాడు. ఏలియన్ అనే మార్పిడి టూల్‌తో ఆర్‌పీఎంని డెబ్‌గా మార్చి అన్నిట్లో వేసేద్దామని నేను, వద్దంటే వద్దని మా సీనియర్. మీరేమంటారు?

వేళచ్చేరి_రూట్
మీ సీనియర్ మాట వినండి. ప్యాకేజీ అంటే ఫైళ్ళ మూట ఒక్కటే కాదు కదా. ఆర్‌పీఎంలో రాసి ఉన్న డిపెండెన్సీలను (అది నడవడానికి కావాల్సిన వేరే ప్యాకేజీలను) ఏలియన్ పేరుకు పేరు మార్చదు. లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్‌నే తీసుకోండి, దాని లైబ్రరీ ప్యాకేజీ రెడ్‌హ్యాట్ వైపు కప్స్-లిబ్స్ అయితే డెబియన్ వైపు లిబ్‌కప్స్2. ఇన్‌స్టాల్ స్క్రిప్టులు కూడా, మీరు ప్రత్యేకంగా అడిగితే తప్ప, రావు. అడిగి తెచ్చుకున్నా అవి వేరే డిస్ట్రో (లినక్స్ రకం) పద్ధతులు చూసి రాసినవి. ఇనిట్, లిబ్‌సీ లాంటి సిస్టమ్ మూల ప్యాకేజీల జోలికి దీంతో వెళ్ళొద్దని దాని మాన్యువల్లోనే రాశారు.

తరమణి_టెర్మినల్
ఆయన అడిగింది లిబ్‌సీ గురించి కాదు గురూ, ప్రింటర్ గురించి! ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

అడ్మిన్ గారూ, ముందు ఆర్‌పీఎం2సీపీఐఓ అనే టూల్‌తో విప్పి లోపల ఏముందో చూడండి. మామూలుగా ఒక ఫిల్టర్ (ప్రింట్ డేటాను ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్), కొన్ని పీపీడీలు (ప్రింటర్ వివరాల ఫైళ్ళు) ఉంటాయి, అంతే. లైబ్రరీలైతే రెడ్‌హ్యాట్‌లో లిబ్64లోకి, డెబియన్‌లో ఆర్కిటెక్చర్ పేరున్న ఫోల్డర్‌లోకి పోతాయి కాబట్టి అక్కడ తంటా. కప్స్ ఫిల్టర్లు మాత్రం రెండు వైపులా /యూఎస్‌ఆర్/లిబ్/కప్స్/ఫిల్టర్‌లోనే ఉంటాయి. ప్యాకేజీ పేర్లు వేరైనా లోపలి లైబ్రరీ ఒకటే, లిబ్‌కప్స్.ఎస్ఓ.2. ఇక గ్లిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) అంటారా, రెడ్‌హ్యాట్ 8లో 2.28, 9లో 2.34, మీ ఉబుంటులో 2.35. పాతదాని మీద బిల్డ్ చేసినది కొత్తదాని మీద నడుస్తుంది, తిప్పి వేస్తేనే తిడుతుంది. ఎల్‌డీడీ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు చూపే కమాండ్) కొట్టి "నాట్ ఫౌండ్" ఏమైనా వస్తోందేమో చూసుకుంటే చాలు.

వేళచ్చేరి_రూట్
ఇవాళ నడుస్తుంది, కాదనను. కానీ మార్చిన క్షణాన ఆర్‌పీఎం మీద ఉన్న డిజిటల్ సంతకం పోయింది. రేపు డ్రైవర్‌లో సెక్యూరిటీ లోపం బయటపడితే ఉబుంటు అప్‌డేట్లు తెచ్చే ఆప్ట్ అప్‌గ్రేడ్‌కి ఆ సంగతి తెలియదు. ఈ అడ్మిన్ గారు ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాక ఆ డెబ్ ఎక్కడిదో చెప్పేవాళ్ళెవరు?

గిండీ_గ్నూ
సంతకం మాట ఒప్పుకుంటాను. అప్‌డేట్ మాట కాదు: ప్రింటర్ కంపెనీ డెబ్ ఇచ్చినా రిపో (అప్‌డేట్లు దొరికే ప్యాకేజీల సర్వర్) ఇవ్వకపోతే అదే గతి.

ఈ గొడవ పాతదే. అన్ని లినక్స్‌లకూ ఒకే ప్రమాణం తేవాలనుకున్న లినక్స్ స్టాండర్డ్ బేస్ వాళ్ళు ఉమ్మడి ఫార్మాట్‌గా ఆర్‌పీఎంని ఎంచుకుంటే, డెబియన్ వాళ్ళు ఈ ఏలియన్‌తోనే నెట్టుకొచ్చి, 2015లో ఆ స్టాండర్డ్‌నే దాదాపు వదిలేశారు. మన చెన్నై సీడాక్ (ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్ళ బాస్ లినక్స్ కూడా డెబియన్ ఆధారమే, కాబట్టి ఆర్‌పీఎం ఒక్కటే ఇస్తే అక్కడా ఇదే తలనొప్పి.

నేనైతే ఏలియన్ వాడను. ఫైళ్ళు బయటికి తీసి, డిపెండెన్సీలు నా చేత్తో రాసి, డెబ్‌లు కట్టే టూల్ డీపీకేజీ-డెబ్‌తో కొత్త ప్యాకేజీ కట్టి, సొంత కీతో సంతకం చేసిన ఆఫీసు రిపోలో పెడతాను. ఒక పూట పని. అప్పుడు అది ఎక్కడిదో అడిగితే చెప్పడానికి చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) ఉంటుంది.

అంబత్తూరు_అడ్మిన్
విప్పి చూశాను. ఒక ఫిల్టర్, పీపీడీలు, కప్స్‌ని రీస్టార్ట్ చేసే స్క్రిప్టు. ఇంకేం లేవు.

తరమణి_టెర్మినల్
చెప్పానా! మార్చి పడేయండి.

వేళచ్చేరి_రూట్
ఆ ఫిల్టర్ మీద ఫైల్ కమాండ్ కొట్టారా? 64 బిట్టేనా?

అంబత్తూరు_అడ్మిన్
32.

గిండీ_గ్నూ
అయితే ప్రతి సిస్టమ్‌లో ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్ చేర్చి, ఆ రకం లిబ్‌కప్స్2 వేయాలి. అది ఏలియన్ వాడినా తప్పదు, నా పద్ధతిలోనైనా తప్పదు. ముందు ఒక్క సిస్టమ్‌లో చేసి, నాలుగు లేబుళ్ళు తీసి చూడండి.

వేళచ్చేరి_రూట్
ఈలోగా 64 బిట్ ఫిల్టర్ కావాలని ప్రింటర్ కంపెనీకి మెయిల్ పెట్టండి. డెబ్ అని అడగకండి, మళ్ళీ రెడ్‌హ్యాట్ వేసుకోమంటాడు.