నైలాన్ తీగల గిటార్ నెక్ కిందికి వాలుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: 650 మి.మీ. స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న క్లాసికల్ గిటార్. ఎడమ చెయ్యి తీస్తే నెక్ కిందికి జారుతోంది. నెక్ లోపల ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా పెట్టే ఉక్కు కడ్డీ) ఉంది. తేలికపాటి ట్యూనింగ్ కీలు వేస్తే సరిపోతుందా?

తీగచెక్క జవాబు: ముందు గిటార్‌ను గుండ్రటి కర్రపై అడ్డంగా ఆనించి, తూకం ఎక్కడ నిలుస్తుందో చూడండి. బాడీ మొదలయ్యే 12వ ఫ్రెట్ (నెక్ మీది లోహపు గీత) దాటి నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) వైపు వస్తే నెక్ బరువెక్కువే. తొడ మీద ఆనే నడుము నుంచి కీలు దాదాపు 62 సెం.మీ., బాడీ చివర 28 సెం.మీ. అంటే కీల దగ్గర 50 గ్రాములు తగ్గించడం, చివర 110 గ్రాములు కట్టడంతో సమానం. అందుకే కీలు మార్చడమే మేలు, బాడీకి బరువు కడితే మోత మందగిస్తుంది. కొనేముందు రోలర్ల (తీగలు చుట్టుకునే కడ్డీల) మధ్య దూరం కొలవండి. మామూలుగా 35 మి.మీ. ఉంటుంది, తేడా వస్తే రోలర్లు బిగుసుకుపోతాయి.

మంద్రం జవాబు: బరువు తగ్గించాలని ట్రస్ రాడ్ తీసే జోలికి వెళ్లకండి, ఫింగర్‌బోర్డ్ ఊడదీయాల్సి వస్తుంది. కొత్తగా చేయించుకునేవాళ్లు మాత్రం స్పానిష్ సెడార్ అనే తేలికపాటి చెక్కతో నెక్, అందులో కార్బన్ ఫైబర్ పట్టీ అడగండి. అది ఉక్కులో సుమారు ఐదో వంతు బరువే.

తీగచెక్క: స్ట్రాప్ వాడతారా? సౌండ్‌హోల్‌కి తగిలించే కొక్కెం రకం నెక్‌ను పట్టుకోదు. ఒక బటన్ హీల్‌కి (నెక్ బాడీని కలిసే మడమకి), ఒకటి బాడీ చివర దిమ్మకి వేయించండి. సెడార్ మెత్తన, ముందు సన్న రంధ్రం చేయకపోతే చీలుతుంది.

మంద్రం: కూర్చుని వాయిస్తే తొడ మీద షామీ తోలు వేసుకోండి. రబ్బరు వద్దు, గిటార్ మీది ఫ్రెంచ్ పాలిష్ అనే లక్క పూత‌ను పాడుచేస్తుంది.