బాధలో ఉన్న మనిషితో ‘దేవుడున్నాడు’ అనడం తప్పా?

వంశధార ఒడ్డు, కాశీనగరం
మా నాన్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఒక్క పూటలో ఆయన కొబ్బరి తోటంతా నేలకూలింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటికి ఆయనకు డెబ్బై. ఆ లెక్క వేసుకున్నాడో ఏమో, మాట మానేశాడు. మా ఇంటికి తెచ్చుకున్నాను. ఎనిమిది నెలలు పిలిస్తే పలకలేదు. పెడితే తిన్నాడు, లేకపోతే అడగలేదు. ఒక సోమవారం శ్రీముఖలింగం తీసుకువెళ్ళాం. గర్భగుడికి ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక “ఆకలేస్తోంది, అన్నం పెట్టు” అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మొన్న బంధువుల ఇంట్లో, భర్త పోయిన అమ్మాయితో “దేవుడున్నాడమ్మా, ధైర్యం తెచ్చుకో” అన్నాను. ఆమె అన్న నన్ను బయటికి పిలిచి, ఇంకెప్పుడూ ఆ మాట అనవద్దన్నాడు. నేనన్నదాంట్లో తప్పేముంది?

జయపురం వాసి
తప్పే. ఆ అన్న బాధ నాకు తెలుసు. మా చెల్లెలికి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ తరువాత ఏడాదిన్నర పాటు ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ “భారం దేవుడిపై వెయ్యి” అనేవారు. రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కారు, శనివారాలు ఉపవాసాలు ఉంచారు. నిద్ర లేక, తిండి లేక అది పుల్లలా అయిపోతే “భక్తి చాలడం లేదు” అన్నారు. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకువెళితే ఆయన అడిగిన మొదటి మాట, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని. మందులు వేసిన మూడో వారానికి రాత్రంతా నిద్రపోయింది. దేవుడి పేరు చెప్పి మేము పోగొట్టినది ఏడాదిన్నర.

గుణుపురం మాస్టారు
బాబూ, గజేంద్రుడి కథ గుర్తు తెచ్చుకోండి. మొసలి పట్టుకోగానే దేవుడిని పిలవలేదు. వెయ్యేళ్ళు పోరాడాడు. ఒంట్లో బలం పూర్తిగా పోయాకే పిలిచాడు. వైద్యమూ పోరాటమే. ముందు అది, తరువాత శరణాగతి. ఈ వరస మరచిపోయి మాట్లాడటం వల్లే చిక్కంతా.

జయపురం వాసి
మాస్టారూ, వెయ్యేళ్ళు పోరాడటానికి ఏనుగుకు బలముంది. మంచం మీంచి లేవలేని పిల్లకు ఏ వరస చెబుతారు?

గుణుపురం మాస్టారు
నేను చెప్పింది వరస గురించి. పోరాటం ముందు, ప్రార్థన తరువాత. మూలంలో అలాగే ఉంది.

మోహన ఊరివాడు
మా బైబిలులో ఏలీయా ఒక చెట్టు కింద కూర్చుని, ఇక నా ప్రాణం తీసుకో అని ప్రార్థిస్తాడు. దేవదూత వచ్చి అతనికి ఉపదేశం చెయ్యలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. అక్కడ ప్రార్థనే ముందు.

గుణుపురం మాస్టారు
అది వేరే సందర్భం.

బరంపురం నేతింటి కోడలు
మీరు ముందూ వెనుకా తేల్చుకునేలోపు ఒక మాట. మా అత్తగారికి ఒడియా బాగా వచ్చు, అంగట్లో బేరమాడగలరు. కానీ మామగారు పోయాక డాక్టరు ముందు కూర్చుంటే ఒక్క మాట రాలేదు. దుఃఖం తెలుగులోనే ఉంది, దాన్ని ఒడియాలో ఎలా చెప్పుకోవాలి? భజన మండలిలో మాత్రం గోవింద నామం ఎత్తుకోగానే బావురుమన్నారు. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమై హద్దు గీశాక మన ఇళ్ళు ఇటు, ముఖలింగం అటు ఉండిపోయాయి. మా ఇంట్లో తెలుగు మిగిలింది వంటింట్లోనూ దేవుడి గదిలోనూ. ఆమెకు అక్కడ దొరికింది దేవుడో భాషో నేను విడదీసి చెప్పలేను. అయితే మందు కూడా కావాలి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోను చేస్తే రాత్రయినా పలుకుతారు, డబ్బు కట్టనక్కరలేదు, భాష ఎంచుకోవచ్చు. ఇక్కడ ఎవరికైనా పనికి వస్తుందని రాస్తున్నాను.

వంశధార ఒడ్డు
జయపురం వాసి గారూ, మీ చెల్లెలికి జరిగింది ఘోరం. కానీ మా నాన్న బతికి బయటపడిన దాన్ని మూఢత్వంలో కలిపేయకండి. నా కళ్ళతో చూశాను.

జయపురం వాసి
నేను మీ నాన్నగారిని ఏమీ అనలేదమ్మా. ఒకటి అడుగుతాను. ఆ ఎనిమిది నెలలూ ఆయన పక్కన ఎవరున్నారు?

వంశధార ఒడ్డు
నేనే. తెల్లవారుజామున అయిదింటికి ఆయన ఏటి ఒడ్డుకు వెళితే వెనకాలే వెళ్ళేదాన్ని. ఏటి దగ్గర ఆయనను ఒంటరిగా వదలాలంటే నాకు భయం.

జయపురం వాసి
మొదట రాసినదాంట్లో ఆ సంగతి లేదే! గుడిలో రెండు గంటలు రాశారు, ఏటి ఒడ్డున ఎనిమిది నెలలు రాయలేదు. నా కోపం అక్కడే. మా చెల్లెలితో ‘దేవుడున్నాడు’ అన్నవాళ్ళు ఆ మాట అని, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా రాత్రికి ఉండలేదు. ఆ ఏనుగు మందలాగే అందరూ గట్టున వదిలేశారు.

గుణుపురం మాస్టారు
మంద వదిలేయలేదు బాబూ. ఆడ ఏనుగులు ఏ సాయమూ చేయలేకపోయాయి, కానీ అతణ్ణి ఒంటరిగా వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాక అక్కడే నిలబడిపోయాయి. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఎప్పుడూ ఆ మాట చెప్పే పోతన పద్యం దగ్గర ఆగలేదు. వరస గురించి పట్టుబట్టాను, మన్నించండి.

వంశధార ఒడ్డు
మీరిద్దరూ కలిసి దేవుడిని తీసేసి ఆ చోట నన్ను కూర్చోబెడుతున్నారు. నేను ఒప్పుకోను. ఎనిమిది నెలలు పక్కనే ఉన్నాను, నాతో ఒక్క మాట అనలేదు. నా వల్ల కాలేదు. అక్కడ కూర్చుని లేచాక మాట్లాడాడు. తోట తిరిగి రాలేదు, వస్తుందని అక్కడ ఎవరూ చెప్పలేదు. అయినా మాట్లాడాడు. దాన్ని దేవుడనక ఏమనాలి? ఆ అమ్మాయి దగ్గర మాత్రం నేను అరగంటే ఉన్నాను. అది నిజం.

మోహన ఊరివాడు
అక్కా, మళ్ళీ వెళ్ళండి.

జయపురం వాసి
ఇంతసేపూ రాయని మాట ఒకటుంది. చెల్లెలు ఈ మధ్య మళ్ళీ దీపం పెడుతోంది. మందులు మానలేదు. ఎవరూ చెప్పలేదు, తనకే పెట్టాలనిపించిందట. నాకు మాత్రం ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కావడం లేదు. బిడ్డను తీసుకున్నవాడి ముందు అది చేతులు జోడిస్తుంటే చూడలేకపోతున్నాను.

వంశధార ఒడ్డు
దీపం ఎన్ని గంటలకు పెడుతుంది?

జయపురం వాసి
ఆరింటికి.

వంశధార ఒడ్డు
మీరు దండం పెట్టకండి తమ్ముడూ. ఆ వేళకు ఇంట్లో ఉండండి. నేను ఆదివారం ఆ అమ్మాయి ఇంటికి వెళుతున్నాను, రాత్రికి ఉండేలా.