వెస్టర్న్ బ్లాట్‌లో పడమర ఎక్కడుంది?

తిరుపతి, పరిశోధక విద్యార్థిని:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. కణాల్లో ఏ ప్రోటీన్ ఉందో, ఎంత ఉందో ల్యాబుల్లో ఎలా కనిపెడతారన్నది సైన్స్ దినోత్సవానికి హైస్కూలు పిల్లలకు తెలుగులో చెప్పాలి. నాకంటే ముందు మాట్లాడబోయే ఆయన స్లైడులో 'పశ్చిమ శోషణం' అని రాసుకున్నారు. ఆ పరీక్షకు ఇంగ్లిష్‌లో వెస్టర్న్ బ్లాట్ అని పేరు, దానికి ఆయన చేసిన తెలుగు అట! చూడగానే నవ్వొచ్చింది గానీ, మరి నువ్వేం రాస్తావంటే నాకూ తోచలేదు. బ్లాట్‌కు తెలుగు మాట ఉందా, ఇంగ్లిష్ మాటే ఉంచేయాలా?

చిత్తూరు, రిటైరైన తెలుగు మాస్టారు:
శోషణం అంటే ఎండిపోవడం, ఇంకిపోవడం తల్లీ. 'శోష వచ్చి పడిపోయాడు' అంటాం చూడు, ఆ శోషే. మా చిన్నప్పుడు సిరా పెన్నుతో రాసి పైన అద్దే కాగితాన్ని అద్దుడు కాగితం అనేవాళ్లం. బ్లాటింగ్ పేపర్ అదే కదా. కాబట్టి అద్దకం అని రాయి. ఇక పశ్చిమం అంటావా, చిత్తూరు వాడికి పడమర అంటే పలమనేరు, కుప్పం తట్టు. ఈ పరీక్ష అక్కడ పుట్టిందని నేనైతే వినలేదు.

మదనపల్లె సభ్యుడు:
అద్దకం అంటే బట్టలకు రంగులేసేది కదా మాస్టారూ. పిల్లకాయలు బట్టలంగడి గురించి అనుకుంటారు. బ్లాట్ అనేస్తే ఏ గొడవా లేదు.

తిరుపతి, ల్యాబులో పనిచేసేవాడు:
నా ఓటు మాస్టారికే. అయితే ముందు ఆ పడమర లెక్క తేల్చుకుందాం. 1975లో ఎడ్విన్ సదరన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త డీఎన్ఏ ముక్కలను జెల్ (జున్నులా మెత్తగా ఉండే పలక) నుంచి పొర మీదికి దించే పద్ధతి ప్రచురించాడు. దాన్ని సదరన్ బ్లాట్ అన్నారు. సదరన్ అన్నది ఆయన ఇంటిపేరు, దక్షిణం కాదు. రెండేళ్లకు స్టాన్‌ఫర్డ్‌లో ఆర్ఎన్ఏకి అలాంటి పద్ధతే తయారైంది, దానికి సరదాగా నార్తర్న్ అని పేరు పడింది. ప్రోటీన్ల పద్ధతిని 1979లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి టౌబిన్ బృందం ప్రచురించింది. వెస్టర్న్ అన్న పేరు పెట్టింది మాత్రం నీల్ బర్నెట్, 1981 పేపర్లో. ఆయన ల్యాబు అమెరికా పడమటి తీరాన సియాటెల్‌లో ఉండేది. ఒకరి ఇంటిపేరు మీద మిగతావాళ్లు వేసుకున్న హాస్యం ఇదంతా. దాన్ని పశ్చిమం చేస్తే హాస్యమూ పోతుంది, అర్థమూ రాదు. ఇంగ్లిష్‌లో సదరన్‌కు పెద్దక్షరం పెడతారు, వెస్టర్న్‌కు పెట్టాలా వద్దా అని తగువు. మనకు ఆ బాధ లేదు.

ఇక శోషణమా, అద్దకమా అన్నది. పని ఎలా జరుగుతుందో చెప్తాను, మీరే తేల్చండి. కణాలను చిదిపి తీసిన రసంలో ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు, మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం కలిపి 95 డిగ్రీల వేడిలో ఐదు నిమిషాలు ఉంచుతాం (ఆ రెండోదాని కంపు గురించి అడక్కండి). ప్రోటీన్ మడతలు విప్పుకొని సాగిపోతుంది, ఒళ్లంతా ఎస్‌డీఎస్ అంటుకొని రుణావేశం వస్తుంది. జెల్‌లో పోసి కరెంటు పెడితే అన్నీ ధన ధ్రువం వైపు బయల్దేరతాయి. చిన్నవి ముందు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. వాటిలో మనకు కావలసినదాన్ని గుర్తుపట్టి అతుక్కునేది యాంటీబాడీ అనే ఇంకో ప్రోటీన్. కానీ అది జెల్ లోపలికి అంత సులువుగా దూరదు. అందుకే జెల్ మీద నైట్రోసెల్యులోజ్ పొర పరిచి, అటూ ఇటూ తడి ఫిల్టర్ కాగితాలు, స్పాంజీలు పెట్టి మళ్లీ కరెంటు పెడతాం. పొర వేసేటప్పుడు రోలర్‌తో నొక్కి గాలంతా తీసేయాలి. బుడగ మిగిలితే అక్కడ ప్రోటీన్ దిగదు, చివర్లో ఫొటోలో గుండ్రంగా ఖాళీ కనబడుతుంది. అప్పుడు మూడు రోజుల పని పోయినట్టే.

సరిగా కుదిరితే జెల్‌లో ఏ ప్రోటీన్ ఎక్కడుందో పొర మీద అక్కడే పడుతుంది. సదరన్ పద్ధతిలోనైతే పైన పేర్చిన పొడి కాగితాలు ద్రవాన్ని పీల్చేవి, ఆ ఊపుకే డీఎన్ఏ పొర మీదికి చేరేది. దానికైతే శోషణం కొంత నప్పుతుందేమో. ఇక్కడ లాగేది కరెంటు. జెల్ మీదున్నది పొర మీదికి దిగడమే బ్లాట్, పీల్చడమన్నది అది జరిగే దారుల్లో ఒకటి. అద్దకం అంటే రెండింటికీ సరిపోతుంది.

మదనపల్లె అన్నా, బట్టల సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నా. పక్కనే కాళహస్తిలో కలంకారీ చూసే ఉంటావు. ఎరుపు రావాల్సిన చోట కలంతో పెట్టేది పటిక నీళ్లు. ఆ గుడ్డను ఎర్రరంగు ఇచ్చే చెక్క, వేళ్లతో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మా పొర మీద మొదటి యాంటీబాడీ వెళ్లి మనకు కావలసిన ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, అదీ కంటికి కనబడదు. దాన్ని వెతుక్కుంటూ వచ్చే రెండో యాంటీబాడీకి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. లుమినాల్ అనే రసాయనం పోస్తే అక్కడ మాత్రమే వెలుగొస్తుంది, ఫొటోలో అది నల్లగా పడుతుంది. పిల్లలు బట్టల గురించే అనుకోనీ, నష్టమేముంది?

శ్రీకాళహస్తి సభ్యురాలు:
పాల మాట మరిచిపోయినారే! కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపి గుడ్డను ముంచకపోతే సిరా పాకిపోతుంది.

తిరుపతి, ల్యాబులో పనిచేసేవాడు:
మాకూ పాలు కావాలక్కా, వెన్న తీసిన పాలపొడి, 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు. కాకపోతే పని వేరు. నైట్రోసెల్యులోజ్ ఏ ప్రోటీన్ దొరికినా పట్టేసుకుంటుంది, యాంటీబాడీ కూడా ప్రోటీనే. ఖాళీ జాగా ఉంటే అది ఎక్కడపడితే అక్కడ అతుక్కుని పొరంతా నల్లగా వస్తుంది. పాలలోని ప్రోటీన్లు ముందే ఆ జాగా ఆక్రమిస్తాయి. ఫాస్ఫేట్ తగిలిన ప్రోటీన్లను వెతికేటప్పుడు చాలామంది పాలు వాడరు, పాలలోని కేసిన్‌కే ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి.

తిరుపతి, పరిశోధక విద్యార్థిని:
సరే, 'వెస్టర్న్ అద్దకం' అని రాస్తున్నాను, పక్కన వెస్టర్న్ బ్లాట్ అని కూడా. ప్రోటీన్‌ను మాంసకృత్తు అనమంటారా మాస్టారూ? ఫొటోలో ప్రోటీన్ ఉన్న చోట గీతలా కనబడే బ్యాండ్‌ను ఏమనాలి?

చిత్తూరు, రిటైరైన తెలుగు మాస్టారు:
మాంసకృత్తు అంటే మాంసాన్ని చేసేది. మంచి మాటే గానీ, యాంటీబాడీ కూడా మాంసకృత్తే అంటే పిల్లకాయలు నమ్మరు, పప్పు, గుడ్డు దగ్గరే ఆగిపోతారు. ప్రోటీన్ అనే చెప్పు. బ్యాండ్‌కు చార చాలు. ఉడుత వీపు మీదుండేదే.

తిరుపతి, ల్యాబులో పనిచేసేవాడు:
చార బాగుంది. ఒక్కటి మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పమ్మా: చార లావుగా ఉంటే ప్రోటీన్ ఎక్కువుందని వెంటనే అనేయకూడదు. జెల్‌లో ఒక్కో రసం ఒక్కో వరసలో పరిగెడుతుంది, ఆ వరసలో రసమే ఎక్కువ పోసి ఉండొచ్చు. యాక్టిన్ అని చాలా కణాల్లో దండిగా ఉండే ప్రోటీన్ ఉంది, 42 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలిచే లెక్క) దగ్గర కనబడుతుంది. దాని చార అన్ని వరసల్లో ఒకేలా ఉందో లేదో చూసుకున్నాకే మిగతావి పోల్చాలి. మేమైతే దాన్ని యాక్టిన్ చార అనే అంటాం, దానికి కొత్త పేరేం వద్దు.