రోజూ అరిచే పిల్లలకి బైపోలార్ అని పేరు పెట్టి మందు మొదలుపెట్టొచ్చా?

నిదానం: చిన్నదానికే విరుచుకుపడి వస్తువులు విసిరేసే పదేళ్ల పిల్లలకి బైపోలార్ (అతి ఉత్సాహం, లోతైన దిగులు విడతలుగా వచ్చే మూడ్ జబ్బు) అని రాసేయడం తప్పంటాను. అమెరికాలో ఈ పేరుతో పిల్లల క్లినిక్ విజిట్లు 1994-95లో లక్ష జనాభాకి 25 ఉంటే, 2002-03కి 1003 అయ్యాయి. ఎనిమిదేళ్లలో జబ్బు నలభై రెట్లు పెరగదు కదా, పెరిగింది పేరు పెట్టే అలవాటు. అందుకే 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5 డీఎమ్‌డీడీ అనే వేరే నిర్ధారణ తెచ్చింది: వారానికి కనీసం మూడుసార్లు పెద్ద రచ్చ, మధ్య రోజుల్లోనూ చిరాకు, ఇదంతా ఏడాదిపాటు, పదేళ్లు నిండకముందే మొదలవడం.

తేదీలరాయుడు: సగం ఒప్పుకుంటా నిదానం గారూ. కానీ అసలు మేనియాని, అంటే బైపోలార్‌లో ఉత్సాహం, చురుకు హద్దు దాటే దశని, "ఈ వయసులో అంతేలే" అని వదిలేయడమూ ప్రమాదమే. కోపం ఎంత ఉందని కాదు, ఎప్పుడు మొదలైందో చెప్పగలరా అని అడగాలి. డీఎమ్‌డీడీ అయినా ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేని సమస్య) అయినా ఏళ్ల తరబడి ఒకే తీరు. మేనియాకి మాత్రం "ఫలానా వారం నుంచి మనిషే మారిపోయాడు" అని చెప్పేంత తేడా ఉంటుంది, అది కనీసం ఏడు రోజులు నిలవాలి. అంతకంటే తేలికైన హైపోమేనియాకి నాలుగు రోజులు చాలు. నిద్ర ఇంకో గుర్తు. రాత్రి రెండింటికి లేచి అలమర మొత్తం సర్దేసి, మూడు నోటుబుక్కులు నింపేసి, పొద్దున అలసటే లేకుండా బడికి బయల్దేరితే అనుమానించాలి. నిద్రపట్టక దొర్లి మర్నాడు తూలేవాడి కథ వేరు.

మోతాదు: సరే, మేనియా అని తేలింది. మందు ఏది? 2012లో వచ్చిన టీమ్ అనే మందుల అధ్యయనంలో 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు 279 మంది. ఎనిమిది వారాల్లో రిస్పెరిడోన్‌కి 68.5 శాతం, లిథియంకి 35.6, డైవాల్‌ప్రోయెక్స్‌కి (వాల్‌ప్రోయేట్‌లో ఒక రకం) 24 శాతం మంది స్పందించారు. ఇంత తేడా చూశాక కూడా కొందరిలా లిథియంతోనే మొదలుపెట్టాలనడం మొండితనం.

తేదీలరాయుడు: ఆ 279 మందిలో దాదాపు అందరికీ మూడ్ రోజులోనే అటూ ఇటూ మారేది. అది మనం చెప్పుకునే ఏడు రోజుల మేనియాయేనా అన్న అనుమానం అక్కడే ఉంది. పైగా గెలిచిన మందు బరువు పెంచుతుంది, ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పెంచుతుంది. ఎనిమిది వారాల ఫలితం చూపి ఏళ్ల తరబడి వాడే మందు తేల్చేస్తారా?

మోతాదు: ఆ మాట నిజమే. అందుకే మొదటి రోజే బరువు, నడుము కొలత, షుగర్, కొలెస్ట్రాల్ రాసుకుని మూడు నెలలకి మళ్లీ చూడాలి. కానీ లిథియం మాత్రం తేలికా? నెత్తురులో దాని స్థాయి లీటరుకి 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమే. మోతాదు మార్చిన ఐదు రోజులకి, చివరి మాత్ర వేసిన 12 గంటలకి రక్తం తీయాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పొద్దుటి మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వెళ్తే అంకె లేనిపోని ఎత్తు చూపిస్తుంది, డాక్టర్ మోతాదు తగ్గిస్తారు, మేనియా తిరగబెడుతుంది. నింద మందు మీద పడుతుంది!

నిదానం: ఇంకో రెండు కలపండి. ఒంటినొప్పులకి ఐబుప్రోఫెన్ ఇచ్చినా, వాంతులు విరేచనాలతో నీరు పోయినా లిథియం పేరుకుంటుంది. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరునెలలకోసారి. ఇక డబ్బా పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఒకేసారి ఎక్కువ మింగితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి తాళం వేసి, పెద్దవాళ్లే ఏ పూటది ఆ పూట ఇవ్వాలి.

మోతాదు: అమ్మాయిల సంగతి మర్చిపోయాం. వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది, నెలసరి తప్పించే హార్మోన్ల సమస్య పీసీఓఎస్ ముప్పూ ఉంది. వయసొచ్చిన ఆడపిల్లకి నా జాబితాలో అది చిట్టచివర.

తేదీలరాయుడు: ఇందులో మాత్రం మీతో పోట్లాట లేదు. రిస్పెరిడోనే మొదలన్న మీ మాటకి ఇంకా ఒప్పుకోను.