గేటుకొచ్చిన విమానం ఇంజన్ ఆగకపోతే ర్యాంప్ మీద ఏం చేస్తారు?

మా తమ్ముడు వచ్చే నెల శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనిలో చేరుతున్నాడు. ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో జరిగిన ప్రమాదం గురించి చదివినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. విమానం గేటు దగ్గర ఆగింది. కానీ నిలబడి ఉన్నప్పుడు కరెంటు ఇచ్చే ఏపీయూ, అంటే తోకలో ఉండే చిన్న ఇంజన్, పనిచేయడం లేదు. అందుకని బయటి కరెంటు తగిలించేదాకా ఒక ఇంజన్ నడుస్తూనే ఉంది. ఇంజన్ నడుస్తోందని చెప్పే ఎర్ర బీకన్ లైటు వెలుగుతోంది, సిబ్బందికి ముందే హెచ్చరిక కూడా ఇచ్చారు. అయినా ఒక ఉద్యోగిని ఆ ఇంజన్ లోపలికి లాగేసింది, ప్రాణం పోయింది.

బీకన్ ఆరేదాకా దగ్గరికి వెళ్లకూడదంటారు. మరి కేబుల్ తగిలించే మనిషి వెళ్లాలి కదా? ఏ వైపు నుంచి వెళ్తారు, ఎవరి సైగ చూసి కదులుతారు? విమానం చుట్టూ కోన్లు పెట్టేవాళ్లు అంతసేపూ ఎక్కడ నిలబడతారు? చెవులకు మఫ్‌లు, చుట్టూ వేరే విమానాల రొద. అందులో ఏ ఇంజన్ తిరుగుతోందో ఎలా పోల్చుకుంటారు? రాత్రి షిఫ్టులో, వానలో పద్ధతి మారుతుందా?

రూల్స్ ట్రైనింగ్‌లో ఎలాగూ చెబుతారు. మీరు రోజూ నిజంగా పాటించేది ఏమిటో తెలిస్తే వాడికి ముందే చెప్పుకుంటాను.